మరో ప్రపంచం – విశాఖ రేవు

1516లో సర్ థామస్ మోర్ లాటిన్ భాషలో వెలువరించిన ‘యుటోపియా’ గ్రంథం ఒక రేవుపట్టణంలో ప్రారంభమవుతుంది. రాచకార్యంపై ఆంట్వెర్ప్ నగరంలో విడిసియున్న గ్రంథకర్త ఒకనాడు ప్రార్థన ముగించుకొని దేవాలయం వెలుపలికి వచ్చేసరికి, ఎండకు కమిలిన ముఖమూ, పొడవైన గడ్డమూ, భుజంమీద నిర్లక్ష్యంగా వ్రేలాడే అంగీయూ గల ఒక పెద్దమనిషి కంటబడతాడు. చూడగానే ఓడమనిషి అని తోస్తుంది. అతని పేరు రాఫేల్ హిత్లోడే. దేశదేశాలు తిరిగి, ఎవరూ చూడని ఒక ద్వీపంలో ఐదేండ్లు కాపురముండి వచ్చినవాడు. ఆ ద్వీపంలో సొంత ఆస్తి లేదు; దినానికి ఆరు గంటలకు మించిన పని లేదు; ఆకలి లేదు. దానికి మోర్ పెట్టిన పేరుకు గ్రీకులో ‘లేని చోటు’ అని అర్థం. అదే పలుకును కొంచెం మార్చి వింటే ‘మంచి చోటు’ అని కూడ వినబడుతుంది. అప్పటినుండి ఆదర్శలోకాల కథలన్నీ ఈ రెండర్థాల నడుమనే ఊగులాడుతున్నవి.

ఈ గ్రంథంలో, పాఠం చెప్పేటప్పుడు సాధారణంగా దాటిపోయే రెండు విషయాలు ఉన్నవి. యుటోపియా మొదట ద్వీపం కాదు. యూటోపస్ అనే రాజు దానిని జయించి, ప్రధానభూమితో కలిపియున్న పదునైదు మైళ్ళ నేలను త్రవ్వించి, సముద్రాన్ని చుట్టూ పారించినాడు. అనగా ఆదర్శలోకం దేవతలిచ్చిన వరం గాక మన్ను త్రవ్వి చేసిన పని. రెండవది ఇంకను వింతైనది. ఆ ద్వీపవాసులు బంగారంతో మలమూత్రాల పాత్రలూ, బానిసల సంకెళ్ళూ చేయించుకొంటారు. వారి దృష్టిలో బంగారం కంటె ఇనుము ఎన్నో రెట్లు మేలైన లోహం. కాని వారి దేశంలో దొరకని వస్తువు కూడ దాదాపు అదొక్కటే. సమస్తమూ ఉన్న ఆ స్వర్గం ఇనుమును మాత్రం ఇరుగుపొరుగు దేశాలనుండి కొని తెచ్చుకొంటుంది. ఆ స్వర్గంలో బానిసలెందుకున్నారని అడిగే విద్యార్థి తెలివైనవాడే. ఆ ప్రశ్న ఈ కథ చివరవరకు అవసరపడుతుంది.

నేలను త్రవ్వి సముద్రాన్ని లోనికి పిలవడం విశాఖపట్నానికి ఎరుగని సంగతి కాదు. ఈ శతాబ్దికి పూర్వపు శతాబ్దిలో, 1920 దశకం వరకు, ఇక్కడ ఓడలు బయట సముద్రంలో లంగరు వేసుకొని నిలిచేవి. సరకు పడవలమీద ఒడ్డుకు చేరేది. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన మేఘాద్రిగెడ్డ సముద్రంలో కలిసేచోట ఉప్పునీటి పర్రలు తప్ప మరేమీ లేవు. బెంగాల్ నాగపూర్ రైల్వే వారి ఆధ్వర్యాన ఆ బురదను త్రవ్వి కాలువ చేసినారు. అలల ఉధృతిని ఆపడానికి రెండు పాత ఓడలను తెచ్చి కొండ దిగువన ముంచినారు. 1933 అక్టోబరు 7వ తేదీన ‘జలదుర్గ’ అనే ఓడ ఆ లోపలి రేవులో ప్రవేశించింది. అదే సంవత్సరం డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు ప్రారంభోత్సవం జరిపినాడు. ఇదంతా ఎవరికొరకు? మధ్యపరగణాల మాంగనీసు రాయి సీమకు తరలిపోవడానికి. రైలుదారి కూడ అందుకే రాయపూరు నుండి కొండలు తొలుచుకొని విజయనగరానికి దిగినది. ఆధునికత మన తీరానికి వచ్చిన తీరు ఇది: త్రవ్వినది ఇక్కడి చేతులు, లెక్క వ్రాసుకొన్నది వేరొకరి పుస్తకం.

అయినా ఆ వచ్చినదానిని విశాఖ మండలపు కవులు కేవలం దోపిడిగా చూడలేదు. ఇదియే ఇక్కడి సాహిత్యంలోని విశేషం.

రేవు త్రవ్వకానికి చాల పూర్వమే, 1910లో, హేలీ తోకచుక్క ఆకాశంలో కనబడింది. లోకమంతా గడగడలాడిన రోజులవి. భూమి ఆ తోకలోనుండి సాగిపోతుందని తెలిసి పాశ్చాత్య దేశాలలో సైతం జనం భయపడినారు. మన పంచాంగాలలో తోకచుక్క అరిష్టసూచకం అని వేరే చెప్పనక్కరలేదు. ఈ మండలంలోని రాయవరంలో 1862లో పుట్టి, విజయనగరంలో జీవితమంతా గడిపిన గురజాడ అప్పారావు ఆ చుక్కను చూసి ‘ముత్యాలసరాలు’ వ్రాసినాడు. అందులో ఆయనకు అది సంఘసంస్కరణ బయలుదేరిన వేళ ఎత్తిన జెండావలె కనబడింది. పాశ్చాత్యుల వస్తుశాస్త్రం నేర్చి నిజం వెదికినానని దాపరికం లేకుండా చెప్పుకొన్నాడు. ఒకనాటికి భూమండలమంతా ఒకే కుటుంబమై, కులభేదాలు అబద్ధాలుగా తేలిపోయి, జ్ఞానం ఒక్కటే వెలిగే రోజు వస్తుందని ఊహించినాడు. తెలుగులో ఆధునికార్థంలో ఆదర్శలోక దర్శనం ఇదే మొదటిదనవచ్చు. ఏలనన, రామరాజ్యంవలె అది గతంలో లేదు, స్వర్గంవలె పైన లేదు. రాబోయే కాలంలో, ఇదే నేలమీద ఉన్నది. లెక్క కట్టి రాకను ముందే చెప్పగల తోకచుక్క దానికి సాక్ష్యంగా నిలిచింది. న్యూటను, హేలీల గణితం లేనిదే ఆ పద్యం లేదు.

అదే అప్పారావుగారు అంతకు ఒక్క ఏడాది ముందు, 1909లో, ‘కన్యాశుల్కం’ రెండవ కూర్పు ప్రకటించినారన్న సంగతి ఇక్కడ మరువరాదు. అందులో సంస్కరణ, సైన్సు, నాగరికత అన్న మాటలన్నీ ఎవరి నోట వినబడతవి? గిరీశం నోట. చుట్ట త్రాగడానికీ, వితంతువును లేవదీసుకొని పోవడానికీ ఆధునికతను ఊతకర్రగా వాడుకొన్న మహానుభావుడతడు. ఒకే కలం నుండి ఏడాది తేడాలో గిరీశమూ, తోకచుక్కా వెలువడినవి. మంచిలోకపు మాటలను ఎవరైనా ఎత్తుకొని పోగలరని తెలిసియుండే అప్పారావు ఆ పద్యం వ్రాసినాడు. దానికి బలం ఆ ఎరుకలోనే ఉన్నది.

ఆయనకు ముందు కందుకూరి వీరేశలింగం ‘సత్యరాజా పూర్వదేశ యాత్రలు’లో స్త్రీలు ఏలికలై, పురుషులు గోషాలో అణగిమణగి ఉండే ఆడుమళయాళ దేశాన్ని కల్పించినాడు. స్విఫ్టు గలివరు యాత్రలు దానికి మాతృక. గురి మాత్రం మన ఇండ్లలోని ఆచారాలపైన. కొంచెం అటుయిటుగా ఇట్టి ఊహనే 1905లో వంగదేశపు రొకేయా బేగం ‘సుల్తానాస్ డ్రీమ్’ అన్న ఆంగ్లకథలో మరింత దూరం తీసుకొనిపోయింది. అక్కడ స్త్రీలు సూర్యరశ్మితో వంటచేస్తారు, మేఘాలనుండి నీరు పిండుకొంటారు. ఆ కథను తొలుత అచ్చువేసినది మద్రాసులోని ‘ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’. ఆ పత్రికకు సంపాదకురాలు రాజమహేంద్రవరంలో పుట్టిన కమలా సత్యనాథన్. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ సంగతి ఉపాధ్యాయులందరకు తెలిసినదే. దొరతనంవారు దానిని నిషేధించినారంటేనే ఊహాలోకం ఎంత నిజమైన వస్తువో అర్థమవుతుంది.

తోకచుక్క వచ్చిన 1910లోనే విశాఖపట్నంలో శ్రీరంగం శ్రీనివాసరావు పుట్టినాడు. 1928లో అచ్చయిన ఆయన తొలి ఖండకావ్యాల పుస్తకం ‘ప్రభవ’లో రాబోయే శ్రీశ్రీ జాడ అంతగా లేదు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో జంతుశాస్త్రం చదివి 1931లో పట్టభద్రుడైనాడు. తిరిగివచ్చేసరికి దేశంలో ఆర్థికమాంద్యం, ఇంట్లో లేమి, ఊళ్లో రేవు. తరువాత కొంతకాలం ఎ.వి.ఎన్. కళాశాలలో డిమాన్‌స్ట్రేటరుగా పనిచేసినాడు. 1933, 34 సంవత్సరాలలో, అనగా తొలి ఓడ లోపలికి వచ్చిన ఆ రోజులలోనే, ఆయన కవిత్వం పాత ఒడ్డును వదలిపోయింది. ‘మహాప్రస్థానం’ గేయం 1934 నాటిది. పుస్తకంగా వెలువడడానికి 1950 వరకు ఆగవలసి వచ్చినా, ‘మరో ప్రపంచం’ అన్న రెండు మాటలు అప్పటికే తెలుగుదేశమంతటా నాలుకలమీద ఆడుతున్నవి.

నాలుగు తరాల విద్యార్థులు వల్లెవేసిన ఆ గేయాన్ని నిదానంగా చదివితే ఒక విచిత్రం కనబడుతుంది. అందులో నడక ఉన్నది, నదులూ అడవులూ కొండలూ దాటడం ఉన్నది, నగారా మ్రోత ఉన్నది, మంట ఉన్నది. చేరవలసిన ఊరి వర్ణన మాత్రం లేదు. అక్కడ భూమి ఎవరిదో, పని గంటలెన్నో, పిల్లలకు చదువెవరు చెబుతారో, మోర్ పుటలు పుటలుగా వివరించిన ఆ సంగతులేవీ శ్రీశ్రీ చెప్పలేదు. దీనిని కొందరు లోపమన్నారు. కాని మోర్ కూడ అసలు విషయం దాచినవాడే. ఆ ద్వీపం ఏ దిక్కున ఉన్నదో హిత్లోడే చెప్పినాడట. సరిగా ఆ క్షణాన సేవకుడొకడు వచ్చి మోర్ చెవిలో ఏదో ఊదినాడట. పక్కన ఓడమీద పడిశెం పట్టిన మరొకాయన గట్టిగా దగ్గడంవల్ల ఆ మాట ఎవరికీ వినబడలేదట. మోర్ స్నేహితుడు పీటర్ గైల్స్ గ్రంథంతోపాటు అచ్చయిన లేఖలో ఈ చమత్కారం వ్రాసినాడు. ఆదర్శలోకానికి చిరునామా ఇచ్చినవాడు రేపు అక్కడికి బండి కట్టవలసి వస్తుంది. దగ్గు సమయానికే వచ్చింది.

ఇంకొక సంగతి. ఆ గేయంలో జనప్రవాహానికి ఉపమానాలుగా వచ్చిన జలపాతాలు రెండు, శివసముద్రం, నయాగరా. కవి సంకల్పించినాడో లేదో గాని, ఆ రెండూ యంత్రయుగపు జలపాతాలే. నయాగరా వద్ద 1895లో, కావేరిమీద శివసముద్రం వద్ద 1902లో నీటినుండి విద్యుత్తు తీసినారు. శివసముద్రపు కరెంటు కోలారు బంగారుగనులకు పోయింది. త్రేతాగ్నినీ, ధనంజయుణ్ణీ పిలిచిన గొంతే వీటినీ పిలిచింది. యాగాగ్నికీ విద్యుత్తుకూ నడుమ గోడ కట్టకపోవడమే శ్రీశ్రీ ఆధునికత. అదే సంపుటంలో ‘బాటసారి’ అన్న గేయం కూడ ఉన్నది. పొట్టకూటికని తల్లి మాట కాదని పట్టణం బయలుదేరిన పల్లెకుర్రవాడు త్రోవ తప్పి, దిక్కులేక కూలిపోతాడు. రేవులో పనికి నలుదిక్కులనుండి జనం వచ్చిన ఊరిలో ఇది కేవలం కల్పన అనుకోలేము. మరో ప్రపంచపు బాట మీదనే ఈ బాటసారి పడిపోయినాడని బోధించే పాఠాలు అరుదు.

అదే 1934లో, అదే ఊళ్లో, దీనికి పూర్తిగా ఎదురైన మరొక ఊహాలోకానికి సత్కారం జరిగింది. వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తువారు నవలల పోటీ పెట్టి, విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’కూ, అడవి బాపిరాజు ‘నారాయణరావు’కూ బహుమానం పంచి ఇచ్చినారు. సుబ్బన్నపేట అన్న ఊరిలో గుడి, కోట, వృత్తులు, నమ్మికలు ఒకదానినొకటి అల్లుకొని ఉన్న జీవితం ఆధునికత తాకిడికి ఎట్లు ఒక్కొక్క పడగా వాలిపోయినదో విశ్వనాథవారు చెప్పినారు. మంచిలోకం వెనుక ఉండెననే వాదమది. దానిని తిరోగమనమని కొట్టివేయడం సులభం. కాని యంత్రం వచ్చినచోట ఏమి పోతుందో అంత ఓర్పుతో లెక్కపెట్టినవారు తక్కువ. శ్రీశ్రీని ఇష్టపడే విద్యార్థి ‘వేయిపడగలు’ చదవకపోతే నష్టం శ్రీశ్రీకే.

స్వరాజ్యం తరువాత ఊహాలోకం కవుల చేతినుండి ప్రణాళికావేత్తల చేతికి పోయింది. 1948 మార్చి 14న సింధియా వారి నౌకాశ్రమంలో ‘జలఉష’ నీటికి దిగినప్పుడు నెహ్రూ స్వయంగా వచ్చినాడు. ఆనాటివారికి కర్మాగారమంటే ఒక రకమైన దేవాలయం. అందుచేతనే, ఐదవ ఉక్కు కర్మాగారానికి విశాఖ అనువైనదని 1965లో ఆంగ్ల–అమెరికన్ నిపుణుల బృందం తేల్చిన తరువాత కూడ కేంద్రం మాట దాటవేయగా, ఆంధ్రదేశం అట్లు మండిపోయింది. 1966 అక్టోబరులో టి. అమృతరావు విశాఖలో నిరాహారదీక్షకు కూర్చున్నాడు. విద్యార్థులు బడులూ కళాశాలలూ వదలి వీధికెక్కినారు. నవంబరు 1న విశాఖలో పోలీసు కాల్పులు జరిగినవి. రాష్ట్రమంతటా ఆ ఉద్యమంలో ప్రాణాలు పోయినవారు 32 మంది. ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అన్న నినాదంలో ఊహాసాహిత్యం చేయని పని ఒకటి జరిగింది. ఆదర్శలోకాన్ని ఆశించడం పోయి, అప్పువలె అడగడం వచ్చింది. కొలిమి, పొగగొట్టం, జీతం, క్వార్టరు, బడి, ఆసుపత్రి: ఇదీ ఆ తరం యుటోపియా. దానికి చిరునామా ఉన్నది. దానికొరకు చావడానికి జనం ఉన్నారు.

ఇక 1970. ఈ సంవత్సరాన్ని విశాఖ సాహిత్యచరిత్రలో వేరుగా అధ్యయనం చేయవలసి ఉన్నది. ఫిబ్రవరిలో శ్రీశ్రీ షష్టిపూర్తి సభలు ఆయన పుట్టిన ఊళ్లోనే జరిగినవి. శాలువలూ, ఉపన్యాసాలూ సాగుతుండగా, విశాఖ విద్యార్థుల పేరిట ఒక కరపత్రం సభలో పంచిపెట్టబడింది. రచయితలు ఎవరి పక్షాన నిలుస్తారో చెప్పవలసిందని అది నిలదీసింది. శ్రీకాకుళం కొండలలో అప్పటికి సాయుధపోరాటం నడుస్తున్నది. మరో ప్రపంచం మాట ఇచ్చి ఊరుకోవడానికి వీలులేదని ఆ కుర్రవాళ్ల ఉద్దేశం. జూలై 4న హైదరాబాదులో విప్లవ రచయితల సంఘం ఏర్పడింది. శ్రీశ్రీ దానికి అధ్యక్షుడైనాడు. ఈ రెంటి నడుమ, ఏప్రిల్ 17న, ఇందిరాగాంధీ విశాఖ ఉక్కు కర్మాగారాన్ని పార్లమెంటులో ప్రకటించింది. ఆ ఏడాదే ఆదుర్తి సుబ్బారావు, అక్కినేని నాగేశ్వరరావుల ‘మరో ప్రపంచం’ చిత్రం వచ్చింది. కులమతాల ఎరుక లేకుండా పిల్లలను పెంచి కొత్త సంఘాన్ని నిర్మించాలన్న ఊహ దాని కథ. ఒకే మాట ఒకే ఏడాది కరపత్రమూ, ప్రభుత్వప్రకటనా, చలనచిత్రమూ అయినది. ఏది అసలైనది అని తేల్చడం విమర్శకుల పని. జనం మూడింటినీ నమ్మినారు.

మోర్ గ్రంథపు మొదటి భాగంలో ద్వీపం ప్రసక్తే తక్కువ. ఇంగ్లండులో ఉన్నికొరకు పొలాలను పచ్చికబయళ్లుగా మార్చి రైతులను వెళ్లగొట్టడాన్ని చూసి, సాధువులైన గొర్రెలు మనుష్యులను మ్రింగుతున్నవని హిత్లోడే మండిపడతాడు. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగిన తరువాత, ఉక్కు కర్మాగారంకొరకు విశాఖ దక్షిణాన ఎన్నో గ్రామాల పొలాలూ, తోటలూ, గుడులూ తీసుకొన్నారు. కదలిపోయిన కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్నవి. వారికి ఆర్ కార్డులు ఇచ్చినారు. ఆ కార్డు చూపితే ఉద్యోగానికి అర్హత. కొందరికి ఉద్యోగం వచ్చింది. మరి కొందరి విషయంలో కార్డు తండ్రినుండి కొడుకు చేతికి మారినదే గాని ఉద్యోగం రాలేదు. హక్కు అన్న మాట ఆంధ్రులందరిదీ. నేల మాత్రం ఆ గ్రామాలవారిది. ఆ స్వర్గంలో బానిసలెందుకున్నారని అడిగిన విద్యార్థి ఇక్కడ మరొకసారి చేయి ఎత్తవచ్చు.

ఇట్టి లెక్కలు తప్పకుండా వ్రాసినవాడు విశాఖలో ఒకడున్నాడు. న్యాయవాది రాచకొండ విశ్వనాథశాస్త్రి ఆదర్శలోకాలు కల్పించలేదు. మద్యనిషేధమనే మహోన్నత శాసనం పేటలలోనూ, పోలీసు ఠాణాలలోనూ, కోర్టువరండాలలోనూ దిగివచ్చేసరికి ఏ రూపం తాల్చిందో ‘ఆరు సారా కథలు’లో చూపినాడు. మనుష్యులను మంచివారిని చేయడానికి పుట్టిన చట్టం ఎందరి చేతులలోనో వ్యాపారమవుతుంది. శిక్ష మాత్రం అందరికన్న దిగువన ఉన్నవారికి పడుతుంది. శాస్త్రిగారి వాక్యంలో ఉత్తరాంధ్ర పలుకుబడి ఉప్పుగాలివలె కొడుతుంది. ఆదర్శాన్ని ఆయన ఎక్కడా వెక్కిరించలేదు. ఆదర్శాన్ని అమలుపరచే గుమాస్తాను పట్టిచూపినాడు. గిరీశానికి ఆయన కథలలో వారసులు బోలెడుమంది.

కర్మాగారంలో తొలి బ్లాస్టుఫర్నేసు 1990లో వెలిగింది. దానికి ‘గోదావరి’ అని పేరు. రెండవదాని పేరు ‘కృష్ణ’. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు దానిని జాతికి అంకితం చేసినాడు. పంటనదుల పేర్లు అగ్నిగుండాలకు పెట్టినవారికి ‘మహాప్రస్థానం’ గుర్తుండియే ఉండాలి. 2021 జనవరిలో కేంద్రప్రభుత్వం తన వాటాలన్నింటినీ అమ్మివేయడానికి నిర్ణయించగా, 1966 నాటి నినాదం మళ్లీ గోడలకెక్కింది. కూర్మన్నపాలెం కూడలిలో దీక్షాశిబిరం వెలిసింది. 2025 జనవరిలో కేంద్రమే దాదాపు 11,440 కోట్ల రూపాయల సహాయాన్ని ప్రకటించింది.

కర్మాగారం కష్టాలకు కారణాలు అనేకం చెబుతారు. వాటిలో ప్రతివారూ ఒప్పుకొనేది ఒకటి ఉన్నది. తక్కిన ప్రభుత్వ ఉక్కు కర్మాగారాలకువలె విశాఖ ఉక్కుకు పుట్టుకనాడు సొంత ఇనుపగని ఇవ్వలేదు. ఇనుపరాయిని దశాబ్దాలుగా బయట కొనుక్కొంటూ వచ్చింది. ఆ రాయి దూరదేశానిది కూడ కాదు. బస్తరులోని బైలడిల్లా కొండలనుండి జపానుకు ఎగుమతి చేయడానికే 1960 దశకంలో కిరండూలు నుండి కొత్తవలసకు రైలుదారి వేసినారు. ఆ సరకుకొరకే విశాఖలో వెలుపలి రేవు కట్టి 1976లో తెరిచినారు. అరకు సొరంగాలలోనుండి దిగివచ్చే ఆ ఎర్రరాతి బండ్లలో కొన్ని కర్మాగారం వైపు మళ్లుతవి. తక్కినవి ఊరి పక్కగా సాగి, ఓడలు నిలిచియున్నచోటికి పోతవి.